ఐదు కాగితాల్లో లేని సున్నా

అరుదైన కిడ్నీ జబ్బుల మీద పరిశోధన చేయడం ఆస్పత్రి పనిలో కొత్తగా చేరినవాళ్లకు నేర్పిస్తున్నారని, అందుకు రోగుల ఇళ్లవాళ్లను పిలుస్తున్నారని నాకు మొదట చెప్పింది మా పై వాటాలో కిరాయికుండే యాదమ్మ. దిల్‌సుఖ్‌నగర్‌లో మా అబ్బాయి శ్రీనుకు డయాలసిస్ చేసే ఆస్పత్రిలోనే ఆమె ఆయా.

"అక్కా, గా పిల్లలు నేర్చుకునేతందుకు ఒక ఇంటోళ్లు కావాల్నట. నువ్వు పోయి మీ ముచ్చట చెప్పు. సమోసాలు గూడ పెడ్తరు" అంది.

ఆమె చేసిన మేలు మరువలేను. తరువాత జరిగినదాంట్లో ఆమె తప్పేమీ లేదు.

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. రోజూ దీపం పెట్టుకుంటాను, శనివారం ఒక్కపొద్దు ఉంటాను, అంతే. బడికి పోలేదు, చదువు ఇంట్లోనే నేర్చుకున్నాను. చూసినదే రాస్తున్నాను.

శ్రీనుది కిడ్నీలతో పాటు వినికిడినీ పాడుచేసే జబ్బు. వంశంలో దిగుతుందట. ఆ రోజు ఉదయం పదకొండింటికి నన్ను ఒక గదిలో కూర్చోబెట్టారు. బల్లకు అవతల నేర్చుకునే పిల్లలు ఆరుగురు. నేర్పే డాక్టరమ్మ విజయవాడ వైపు మనిషి. నేను చెప్పేది విని ఆరుగురూ విడివిడిగా మా వంశవృక్షం గీయాలి. మగవాళ్లకు డబ్బా, ఆడవాళ్లకు సున్నా, పోయినవాళ్ల మీద అడ్డగీత. తరువాత కాగితాలు పక్కపక్కన పెట్టి ఎవరు సరిగ్గా విన్నారో చూస్తారు. వీడియో కూడా తీశారు.

నా ఎదురుగా కూర్చున్నది హయత్‌నగర్ అమ్మాయి లావణ్య. "అమ్మా, మీ తోడబుట్టినోళ్లల్ల ఎవరికన్న చిన్నప్పుడు చెవుడు గానీ, ఒళ్లు వాపు గానీ ఉండెనా?" అని అడిగింది.

"నేను, మా చెల్లె. ఇద్దరమే. ఎవ్వరికేం లేకుండెనమ్మా" అన్నాను.

అది అబద్ధం. మాకు ఒక అక్క ఉండేది. సరళ. ఆమెకు వినపడేది కాదు. నాన్న ఆమెకు అక్షరాలు నేర్పితే, ఆమె నాకు నేర్పింది. ఎదురుగా కూర్చుని, నేలమీద వేలితో, నాకు తిన్నగా కనబడేలా తను తలకిందులుగా రాసేది. అలా తలకిందులుగా రాయడం నాకెప్పుడూ పట్టుబడలేదు. పదమూడో ఏట ముఖమంతా ఉబ్బి చనిపోయింది. అప్పటికి చెల్లెలు పాలు తాగే పిల్ల.

మాకు సంబంధాలు రావేమోనని నాన్న మళ్లీ ఆ పేరు ఎత్తనివ్వలేదు. నల్గొండ దగ్గరి ఊరు వదిలి ఎల్‌బీ నగర్ వచ్చాక ఇద్దరు ఆడపిల్లలమనే చెప్పుకున్నాం. ఇప్పుడు బయటపడితే అత్తవారింట్లో చెల్లెల్ని ఏమంటారోనని నేనూ దాచాను.

కాగితాలు బల్ల మీద పరిచారు. మా తోడబుట్టినవాళ్ల వరుసలో, ఐదింట్లో రెండే సున్నాలు. లావణ్య కాగితంలో మూడు. మొదటి సున్నా మీద అడ్డగీత. కింద "సరళ, 13" అని ఉంది.

ఆ పేరు రెండుసార్లు చదువుకున్నాను.

"ఇదెక్కడిదమ్మా?" అని డాక్టరమ్మ లావణ్యను అడిగింది.

"ఈ అమ్మనే రాసింది మేడం. బల్ల మీద వేలితోటి. నేను చదివిన."

పక్కనున్న అబ్బాయి నవ్వాడు. "కూసున్నకాడనే కల గన్నవా ఏంది?"

వీడియో పెట్టి చూశారు. మొదటి నుంచి చివరిదాకా నా రెండు చేతులూ ఒళ్లో శ్రీను ఫైలు మీదే ఉన్నాయి.

"మీకు సరళ అని అక్క ఉండేవారా అండీ?" డాక్టరమ్మ నన్నే అడిగింది.

"లేదు మేడం."

"చూశావా? వాళ్లు చెప్పనిది రాస్తే అది పరిశోధన అవ్వదు. కొట్టేసెయ్."

లావణ్య ఎర్ర పెన్నుతో కొట్టేసింది. నా వైపు కోపంగానైనా చూడలేదు. బల్ల వైపే చూస్తూ ఉండిపోయింది. మరుసటి వారం నుంచి ఆమెను రోగులతో మాట్లాడనివ్వకుండా ఫైళ్లు సర్దే పనిలో పెట్టారని యాదమ్మ చెప్పింది. అప్పుడైనా నేను నోరు విప్పలేదు.

ఇంట్లో ఇంకెవరికీ లేదన్నాను కాబట్టి, చెల్లెలి కొడుకు కార్తీక్‌కు పరీక్ష చేయడానికి తొందరేమీ లేదన్నారు. ఏడు నెలలకు వాడి పాదాలు వాచాయి. అప్పుడు వెళ్లి నిజం చెప్పాను. పరీక్షలో శ్రీను జబ్బే తేలింది. మందులు ముందే మొదలుపెట్టి ఉంటే కిడ్నీలు ఇంకొన్నేళ్లు ఎక్కువ నిలిచేవేమోనని డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. ఆమె నన్ను తిట్టలేదు. చెల్లెలూ తిట్టలేదు. "మనకు అక్క ఉండెనా?" అని మాత్రం అడిగింది.

లావణ్యకు చేతులు జోడించాను. డాక్టరమ్మ ఆమెను మళ్లీ రోగుల దగ్గరికి పంపిస్తోంది, అందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. ఒక్కటి మాత్రం అడిగాను. ఆ రాత ఆమెకు ఎలా కనబడిందని.

"తిన్నగనే ఉండె అమ్మా, నా దిక్కు. మీరు గట్ల ఉల్టా ఎట్ల రాస్తున్నరా అనుకున్న" అంది.

నాకు అలా రాయడం రాదు. ఆ రోజు రాసింది ఎవరో, ఎలాగో, ఇప్పటికీ చెప్పలేను. దీపం పెట్టేటప్పుడు ఇప్పుడు అక్క పేరు కూడా పలుకుతున్నాను. ఇది చదివినవాళ్లు నా కోసం ఏమీ మొక్కుకోవద్దు. ఆమెను ఒక్కసారి తలచుకోండి, చాలు. సరళ. పదమూడేళ్లు. మా ముగ్గురిలో పెద్దది.