కుడి కింద మూల

ఆమె చేతిలో ఎప్పుడూ ఓ చిన్న స్ప్రింగు ఉంటుంది. కూరగాయల సంచి కింద పెట్టి తలుపు తాళం తీసేటప్పుడు కూడా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అది ముడుచుకుని విచ్చుకుంటుంది, నిద్రపోతున్న పిట్ట గుండెలా. అందుకే వీధిలో అందరూ ఆమెను స్ప్రింగక్క అంటారు. సిటీ బస్సు నడిపే ఆమె భర్త కూడా, కోపం వచ్చినప్పుడు తప్ప, అదే పేరుతో పిలుస్తాడు.

ఆమె వయసంతా ఒక నేలమాళిగలో గడిచింది. మార్కెట్టు కాంప్లెక్సు కింద ఓ వీడియో గేమ్ పార్లర్ ఉండేది. అక్కడ పొద్దున పదింటికి కూడా సాయంత్రమే. గోడల వెంట వరసగా నిలబడ్డ ఆట మిషన్లు, వాటి అద్దాల్లోంచి పిల్లల ముఖాల మీదికి పారే నీలి వెలుతురు, ఎర్ర వెలుతురు. మొదట ఆమె మిషన్లలో వేసే బిళ్ళలు అమ్మడానికి చేరింది. ఒకరోజు మెకానిక్కు రాలేదు. పిల్లలు మిషను చుట్టూ చేరి గోల. ఆమె జడలోంచి పిన్ను తీసి మిషను పొట్ట తెరిచింది. ఆ తర్వాత ఆ మెకానిక్కు రావలసిన అవసరం కలగలేదు.

ఆ పొట్టలో ఉండేది పెద్ద రహస్యమేమీ కాదు. పైన పిల్లలు పట్టుకునే కాడ, దాని కొసన నున్నటి గుండు. కింద ఓ స్ప్రింగు, నాలుగు దిక్కులా నాలుగు బుల్లి స్విచ్చులు, వాటి అడుగున చతురస్రపు కన్నమున్న ఒక ప్లేటు. కాడ ఎటు వంగితే అటు స్విచ్చు టిక్కుమంటుంది. కన్నం అంచులు కాడను హద్దు దాటనివ్వవు. పిల్లల చేతులు వానలాంటివి, రాయినైనా అరగదీస్తాయి. ప్లేటు మూలలు గుండ్రబడేవి, స్ప్రింగులు నీరసించేవి. ఆమె అరిగినదాన్ని తీసేసి కొత్తది బిగించేది. ఆమెకు తెలిసిన ధర్మం అదొక్కటే: అరుగుదలను మిషనులో ఉండనివ్వకూడదు.

ఫోన్లు జేబుల్లోకి వచ్చాక పిల్లలు మెట్లు దిగడం మానేశారు. పార్లర్ మూతపడింది. ఆమె వెళ్ళి అక్క భర్త నడిపే కాగితాల షాపులో కౌంటరు దగ్గర కూర్చుంది. పెన్నులు, ఫైళ్ళు, అంటుపెట్టే టేపులు. ఏదీ టిక్కుమనదు. కొన్నేళ్ళు అలా మెత్తగా, చప్పుడు లేకుండా జరిగిపోయాయి.

మళ్ళీ చప్పుడు వచ్చింది పాత పిల్లల వల్లే. వాళ్ళిప్పుడు పొట్టలున్న పెద్దమనుషులు. ఆ పాత ఆటల్నే ఇంట్లో టీవీకి తగిలించి ఆడుతున్నారు. ఒళ్ళో పెట్టుకుని ఆడుకోవడానికి, అచ్చం పార్లర్‌లోలాంటి కాడా బటన్లూ ఉన్న పెట్టెలు కావాలి వాళ్ళకి. ఆమె బాల్కనీలో ప్లైవుడ్ కోసింది, గరుకు కాగితంతో అంచులు నునుపు చేసింది, బటన్లకు కన్నాలు తొలిచింది, తీగలకు టంకం పెట్టింది. నాలుగైదు పెట్టెలు తెలిసినవాళ్ళు మొహమాటానికి కొన్నారు. అవి వాళ్ళ అద్దాల బీరువాల్లో బొమ్మల పక్కన కూర్చున్నాయి. అయినా ఆమె కౌంటరు పని మానేసింది.

బావ కోప్పడలేదు. "సరే మరదలా, నీ సరదా తీరనీ. కుర్చీ ఎక్కడికీ పోదు, నీకోసం అలాగే ఉంచుతా," అన్నాడు. కోప్పడినా బాగుండేది. ఆ ఖాళీ కుర్చీ ఆమె ఎక్కడికి వెళ్ళినా నాలుగు కాళ్ళతో వెనకాలే నడిచి వస్తున్నట్టుండేది.

అలాంటప్పుడు వచ్చాడు సెలూన్ తమ్ముడు. మార్కెట్టు వెనక వీధిలో సెలూన్ నడిపే మనిషి. నున్నగా దువ్విన తల, సబ్బు వాసన వేసే చేతులు.

"అక్కా, గుర్తుపట్టావా? నేలమాళిగలో బిళ్ళలు అప్పు అడిగేవాణ్ణి."

"అందరూ అడిగేవాళ్ళే తమ్ముడూ. ఎవరని గుర్తుపట్టను?"

పాత పార్లర్ వాళ్ళంతా సెలవురోజు ఒక బడి హాల్లో కలుస్తున్నారట. పోటీ కూడా ఉంది. ఎవరి పెట్టె వాళ్ళు తెచ్చుకోవాలి. అతనికి పెట్టె కావాలి.

"మా బావమరిది వస్తున్నాడక్కా. చిన్నప్పుడు రోజూ వాణ్ణి చితక్కొట్టేవాణ్ణి. ఇప్పుడు వాడింట్లో ఆడితే నన్ను నేల నాకిస్తున్నాడు. 'బావా, చిటికెన వేలు ఇంకా వాడలేదు' అంటాడు. నా దగ్గరే తల వంచి క్రాపు చేయించుకుంటాడు మళ్ళీ!"

"చేతిలో కత్తెర ఉందిగా నీకు."

"ఓడినప్పుడల్లా ఒకవైపు కొంచెం ఎక్కువ కత్తిరిస్తున్నా. మా ఆవిడ కనిపెట్టేసింది."

ఆమె నవ్వింది. కానీ లోపల ఏదో నిటారుగా లేచి నిలబడింది. బీరువాలో పెట్టుకోవడానికి కాక, ఆడడానికి అడిగిన మొదటి మనిషి ఇతను. పాత పార్లర్ అంతా ఆ హాల్లో ఉంటుంది. ఈ పెట్టె బాగుంటే ఆమె పెట్టెలు చేసే మనిషి. బాగులేకపోతే కౌంటరు.

అంత శ్రద్ధగా ఆమె ఏదీ చేయలేదు. మూల మూలకీ ఒకే బరువు, ఒకే టిక్కు. చెవి దగ్గర పెట్టుకుని నాలుగు స్విచ్చులూ వింది, ఒకే గొంతుతో పాడే అక్కచెల్లెళ్ళని విన్నట్టు. అత్తగారు కళ్ళజోడు సర్దుకుని చూసింది.

"గుండు మాత్రం అచ్చం మీ మామగారి గుండే అమ్మాయ్. అంత నిగనిగా లేదు కానీ."

"మీరు నూనె రాసేవారు కదత్తయ్యా."

పెట్టె పట్టుకెళ్ళి వారం తిరక్కుండా సెలూన్ తమ్ముడు మళ్ళీ వచ్చాడు. గిరాకీల మెడకు చుట్టే తెల్లగుడ్డలో పెట్టెను చుట్టి తెచ్చాడు. చెప్పులు విప్పుతూ తల దించుకున్నాడు.

"ఏమనుకోకక్కా. పెట్టె బంగారం. నా చెయ్యే చచ్చిపోయింది. నిప్పు రావట్లేదు."

కాడను కిందికి లాగి, కుడి కింద మూల మీదుగా ముందుకు తిప్పి, గుద్దే బటన్ నొక్కితే తెర మీది మనిషి అరచేతుల్లోంచి నిప్పుముద్ద దూసుకుపోతుంది. ఆ ఆటలో అందరూ మొదట నేర్చుకునేది అదే. అతను నొక్కితే మాత్రం ఆ మనిషి చతికిలబడి గాలిని గుద్దుతున్నాడు.

"వయసైపోయిందక్కా. పోటీకి వెళ్ళను. ఇది ఎవరైనా కుర్రాడికి ఇచ్చెయ్యి, పాపం, ఆడుకుంటాడు."

అతను వెళ్ళాక అత్తగారు ముక్కు మీద వేలేసుకుంది. "బంగారం అంటాడు, వెనక్కి ఇస్తాడు. పిల్ల నచ్చింది కానీ పెళ్ళొద్దన్నట్టు, ఇదేం చోద్యం!"

భర్త డ్యూటీ దిగి వచ్చి సంగతి విన్నాడు. "వాడే తన చెయ్యి అంటున్నాడు కదా. నీ మీద మాట రాలేదు. ఇంక దిగులెందుకు?"

"మాట రాలేదనే దిగులు," అంది ఆమె.

పెట్టె విప్పింది. ప్లేటు, స్ప్రింగు, స్విచ్చులు అన్నీ సరిగానే ఉన్నాయి. తప్పు దొరికితే దిద్దవచ్చు. తప్పు లేని పెట్టె ముందు ఆమె చేతులు ఖాళీగా, చల్లగా ఉండిపోయాయి. కళ్ళ ముందు అక్క వాళ్ళ షాపు, ఆ కుర్చీ మీద పరిచిన పాత దిండు కనిపించాయి.

మర్నాడు సెలూన్‌లో గిరాకీ లేని వేళ చూసి పెట్టెను చంకన పెట్టుకుని వెళ్ళింది. అద్దాల మధ్య గోడకు చిన్న టీవీ ఉంది. "ఆడు, నేను చూస్తా," అంది.

"ఓడిపోవడం చూస్తావా?"

"ఓడిపో. నేను తెర చూడను."

ఆమె అతని మణికట్టునే చూసింది. కాడ కిందికి వచ్చింది. మూల దగ్గర చెయ్యి ఒక్క క్షణం తూలింది, చీకట్లో లేని మెట్టు మీద కాలు వేసినవాడిలా. మళ్ళీ చూసింది. మళ్ళీ అదే చోట. ప్రతిసారీ కుడి కింద మూల. చచ్చిన చెయ్యి అయితే అన్ని చోట్లా తడబడాలి కదా! ఇది దారి బాగా తెలిసిన చెయ్యి. దారే మారింది.

"పార్లర్‌లో నువ్వు ఏ మిషను దగ్గర నిలబడేవాడివి?"

"మెట్ల కింది మిషను. ఇంకోదాన్ని ముట్టుకునేవాణ్ణే కాదు. అక్కడ నన్ను కొట్టేవాడు లేడక్కా. కానీ నెల మొదట్లో మాత్రం గ్రహణం పట్టేది. ఎంత ఆడినా ఓటమే. మా బావమరిదైతే నెల మొదటికోసం కాచుకునేవాడు."

స్ప్రింగు ఆమె వేళ్ళ మధ్య ఆగిపోయింది.

"తమ్ముడూ... నెల మొదట్లోనే నేను ఆ మిషను ప్లేటు మార్చేదాన్ని. కుడి కింద మూల అరిగిపోయేది. స్ప్రింగు కూడా మార్చేదాన్ని."

అతను ఆమె వంక చూశాడు. అద్దాల్లో ఉన్న అతని బొమ్మలన్నీ ఆమె వంక చూశాయి.

"అంటే... ఇన్నేళ్ళుగా నా గ్రహణం నువ్వేనా అక్కా!"

అప్పుడే గడ్డం గీయించుకోవడానికి వచ్చి కుర్చీలో కూర్చుంటున్న ముసలాయన కూడా నవ్వడం మొదలుపెట్టాడు, ఏం జరిగిందో తెలియకుండానే. నవ్వి నవ్వి ఆమె కళ్ళు తుడుచుకుంది. అరిగిన మూల మీద అతను ఆట నేర్చుకున్నాడు. ఆ అరుగుదల అతని చేతిలోకి దిగి, అక్కడే పెరిగి, అతని వేగం అయింది. ఆమె బాగుచేసిన ప్రతిసారీ అతని కింద నేల తీసేసింది. ఇప్పుడు కొత్త పెట్టెలో మళ్ళీ అదే చేసింది.

ఇంటికి వచ్చి కొత్త ప్లేటును బల్ల అంచుకు బిగించి, ఆకురాయి చేతిలోకి తీసుకుంది. చెయ్యి కదల్లేదు. జీవితమంతా తీసేసినదాన్ని ఇప్పుడు తనే చేతులారా పెట్టాలి. భర్త గుమ్మంలో నిలబడి చూశాడు.

"నా బండికి మూడో గేరు కాస్త ఎత్తి వెయ్యాలి. వేరే బండి ఇస్తే ఆ రోజంతా నా చెయ్యి నన్ను తిడుతూనే ఉంటుంది," అన్నాడు. "రాయవోయ్."

ఆమె రాయడం మొదలుపెట్టింది. బాల్కనీలో ఎండ ఆకురాయి పొడి మీద పడి మెరిసింది. మూల మెల్లగా తన మొండితనం వదిలి గుండ్రబడింది. స్ప్రింగును నొక్కి నొక్కి అలసిపోనిచ్చింది. సాయంత్రం సెలూన్ తమ్ముడు వచ్చి కాడ తిప్పి చూశాడు.

"అక్కా, ఇది జారుబండ అయిపోయింది. నాది జారుబండ కాదు. కాస్త అరిగిన మెట్టు, అంతే."

ఆ ప్లేటు పారేసి ఇంకోటి మొదలుపెట్టింది. ఈసారి అతన్ని పక్కనే కూర్చోబెట్టుకుని, కొంచెం రాయడం, బిగించడం, అతని మణికట్టు చూడడం, మళ్ళీ విప్పడం. అత్తగారు ఇద్దరికీ టీ ఇచ్చి, చల్లారాక తనే తాగేసింది. చివరికి ఒకసారి కాడ కిందికి వచ్చి, మూలలో ఆగీ ఆగనట్టు ఒరుసుకుని, ముందుకు తిరిగింది. తెర మీద నిప్పుముద్ద గది గోడలన్నిటికీ ఒక్క క్షణం రంగు వేసింది. మళ్ళీ. మళ్ళీ.

"ఇదే," అన్నాడతను చిన్న గొంతుతో. "అక్కా, మెట్ల కింది తడి వాసన కూడా వస్తోంది."

సెలవురోజు బడి హాలు నిండిపోయింది. బెంచీల మీద టీవీలు, నేల మీద పాముల్లా తీగలు, నెరిసిన తలలు, కళ్ళజోళ్ళు, చిన్నపిల్లల కేకలు. ఆమె భర్తతో కలిసి గోడ పక్కన నిలబడింది. లెక్కల మాస్టారొకాయన, ఆయన కూడా పాత పార్లర్ పిల్లాడే, వరసగా అందరి పెట్టెలూ తిప్పి చూస్తూ సెలూన్ తమ్ముడి పెట్టె దగ్గర ఆగాడు.

"ఇది కొత్తదా? కుడి మూల అరిగిపోయి ఉందే! ఎవరు చేశారిది?"

"కొత్త చెప్పులు అరగదీసి అమ్మినట్టుంది," అన్నారెవరో వెనక నుంచి. నవ్వులు. భర్త నోరు తెరవబోయాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"నేనే చేశా మాస్టారూ. అది ఆయన చేతికి చేసింది. మీ చేతికి కాదు."

మాస్టారు ఇంకేదో అనబోయే లోపలే ఆట మొదలైంది. బావమరిది నవ్వుతూ కూర్చున్నాడు, చిటికెన వేలు పైకెత్తి చూపిస్తూ. సెలూన్ తమ్ముడు పెట్టెను ఒళ్ళోకి లాక్కుని, కళ్ళు సగం మూసి, ఎక్కడికో మెట్లు దిగిపోయాడు. తర్వాత హాల్లో అందరికీ వినిపించింది నిప్పు చప్పుడే. మొదటి ఆట గెలిచాడు. రెండోది కొద్దిలో పోగొట్టుకున్నాడు. మూడోదానిలో బావమరిది వేళ్ళన్నీ వాడాడు, చిటికెన వేలుతో సహా. చాల్లేదు.

"బావా, పెట్టెలో ఏదో మాయ ఉంది. ఇలా ఇయ్యి," అని బావమరిది లాక్కుని ఆడాడు. తెర మీద వాడి మనిషి ఎగిరి ఎగిరి గోడకు తగిలి పడ్డాడు. హాలంతా ఘొల్లుమంది.

"రేపు క్రాపుకి రా," అన్నాడు సెలూన్ తమ్ముడు. "రెండు వైపులా సమానంగా కత్తిరిస్తా."

జనం ఆమె చుట్టూ చేరారు. నాదొకటి చెయ్యమంటూ ఒకరి మాట ఇంకొకరి మీద పడుతోంది. భర్త ఆమె చెవి దగ్గర వంగి, "మీ బావగారికి నువ్వు చెప్తావా, నన్నే చెప్పమంటావా?" అన్నాడు. "నేనే చెప్తా," అంది. అన్నాక తన గొంతు తనకే తేలిగ్గా వినిపించింది.

అందరూ కాస్త పలచబడ్డాక లెక్కల మాస్టారు వచ్చాడు. కళ్ళజోడు తీసి తుడుస్తూ, తుడవడం అయిపోయినా తుడుస్తూనే నిలబడ్డాడు.

"అమ్మా, నేను తలుపు పక్క మిషను మీద ఆడేవాణ్ణి. దానికీ ఏదో ఉండేది. ఏంటో ఇప్పుడు చెప్పలేను."

"చెప్పక్కర్లేదు మాస్టారూ. కూర్చోండి."

ఆయన బెంచీ మీద కూర్చున్నాడు. ఆమె సంచిలోంచి ఉత్త కాడ ఒకటి, ప్లేటూ స్విచ్చులూ ఏవీ లేనిది, తీసి ఆయన చేతిలో పెట్టింది. ఎదురుగా నేల మీద కూర్చుని కాడ అడుగును తన రెండు వేళ్ళతో పట్టుకుంది.

"కళ్ళు మూసుకోండి. తలుపు పక్క నిలబడ్డారు. నిప్పు వెయ్యండి."

మాస్టారు సిగ్గుపడుతూ కళ్ళు మూసుకున్నాడు. కొంతసేపు ఏమీ కదల్లేదు. తర్వాత ఆయన చెయ్యి, ఆయన్ని అడక్కుండానే, ముందు కొంచెం ఎడమకు ఒరిగి కిందికి దిగింది. ఆమె తన వేళ్ళ మీదుగా వెళ్తున్న ఆ దారిని వినసాగింది.