అరలో ఉండిపోయిన టెన్షనర్

2022 చలికాలం. మొయినాబాద్‌లో చేవెళ్ల రోడ్డు పక్కన నా మెకానిక్ షెడ్డు. ఆ ఉదయాలు ఇప్పటికీ కలలోవిలా తోస్తాయి. మంచులోంచి ముందు లైట్లు వచ్చేవి, చాలాసేపటికి బండ్లు వచ్చేవి. అట్లా వచ్చిందే దానియేలన్న పాత పెట్రోల్ కారు. ఆయనది చిన్న మంగళారం ఊరు. బడిలో అటెండరుగా చేసి రిటైరయ్యాడు. భార్య సుగుణమ్మను వారానికి మూడుసార్లు చేవెళ్లకు డయాలసిస్‌కు తీసుకుపోయేది ఆ కారులోనే.

ఇంజన్‌లో టైమింగ్ చైన్ సాగిపోయింది. పిస్టన్లు, వాల్వులు ఒకదానికొకటి తగలకుండా కదిలించే గొలుసు అది. దాన్ని ఆయిల్ ఒత్తిడితో బిగువుగా పట్టి ఉంచేది టెన్షనర్. కొత్త చైన్ దొరికింది, టెన్షనర్ మాత్రం సిటీ నుంచి రాలేదు. తెల్లవారితే డయాలసిస్. పాతదాన్నే కడిగి బిగించాను. ఆ మాట చెప్పి ఉంటే సరిపోయేది. "అన్ని కొత్తయే ఏసిన అన్నా, ఫికర్ చెయ్యకు" అన్నాను.

వారం తర్వాత భార్యాభర్తలిద్దరూ మళ్లీ వచ్చారు, మధ్యాహ్నం పూట.

"పొద్దుగాల బండి లేవంగనే గజ్జెలు కట్టినట్టు చప్పుడు జేస్తున్నది బిడ్డా. జరసేపటికి ఊకుంటది" అంది సుగుణమ్మ.

స్టార్ట్ చేశాను. ఏ చప్పుడూ లేదు. "ఏవమ్మా మీ గజ్జెలు? మా షెడ్డు జూసి సిగ్గుపడ్డయా?"

"నీ ముందట మంచిగ నటిస్తున్నది. అల్లునింటికి పోతే మా ఆయన గూడ గిట్లనే ఉంటడు" అని నవ్వింది.

నేనూ నవ్వాను. రాత్రంతా చల్లబడిన ఇంజన్‌లో ఆయిల్ కిందికి దిగిపోతుందనీ, అరిగిన టెన్షనర్ అప్పుడే బయటపడుతుందనీ నాకు తెలుసు. కారును ఆ రాత్రి షెడ్డులో ఉంచమనాల్సింది. అప్పటికే కొత్త టెన్షనర్ వచ్చి అరలో ఉంది. దాన్ని వేయాలంటే ముందు నా అబద్ధం ఒప్పుకోవాలి. "కొత్త చైన్ గద, సర్దుకుంటది" అని పంపేశాను.

నాలుగో రోజు చేవెళ్ల దారిలో కారు ఆగిపోయింది. కూరగాయల ఆటో ఎక్కించి తీసుకుపోయేసరికి సుగుణమ్మకు ఆయాసం ఎక్కువైంది. రెండు రోజులు దవాఖానలోనే ఉంచారు. కారును షెడ్డుకు లాక్కొచ్చి నేను ఇంజన్ విప్పాను. చైన్ పళ్లు తప్పి జారింది, వాల్వులు వంగాయి. టెన్షనర్‌ను బొటనవేలితో నొక్కితే లోపలికి పోయి మళ్లీ లేవలేదు.

దానియేలన్న ఒక్కడే వచ్చాడు. "ఆయిల్ మార్చుడు ఆలస్యం జేసిన. నా తప్పే గదా యాదన్నా?"

కాదని నేను అనలేదు. "పాత బండి గదా" అన్నాను. ఆయన తల ఊపి, తల వంచుకుని నడిచి వెళ్లిపోయాడు. పొగమంచులో ఆ వీపు చిన్నదైపోవడం చూస్తూ నిలబడ్డాను. మూడు రోజులు ఏ పని పట్టుకున్నా అదే కనిపించింది.

మూడో సాయంత్రం వాళ్లింటికి పోయాను. సుగుణమ్మ వాకిట్లో మంచం మీద పడుకుని ఉంది. అంతా చెప్పాను, అరలో ఉన్న టెన్షనర్‌తో సహా.

ఆమె మెల్లగా లేచి కూర్చుంది. "నాకు దమ్మాడకపోతే ఆడకపాయె. గీ మనిషి మూడు దినాల సంది 'నేనే నిన్ను సంపుతుంటి' అనుకుంట బువ్వ ముడుతలేడు. గట్ల తప్పు తన మీదేసుకుంటుంటే ఎట్ల ఊకున్నవ్ బిడ్డా?"

దానియేలన్న అన్నాడు: "రేపు ఆమెకు డయాలసిస్ ఉన్నది."

"నా బండిల నేనే తీస్కపోత అన్నా."

ఇంజన్ బాగయ్యేదాకా రెండు వారాలు తీసుకుపోయాను. దారి పొడుగునా ముగ్గురమూ తక్కువే మాట్లాడుకున్నాం. కారు తిరిగి ఇచ్చేటప్పుడు ఏమేం మార్చానో కాగితం మీద రాశాను. ఇప్పుడు ప్రతి బండికీ రాస్తాను, కింద గీత గీసి మార్చనివి కూడా. మెకానిక్ చేతి పొరపాటును విడిభాగం సరిచేస్తుంది. ఆ పొరపాటు తనదేననుకుని ఇంకొకరు అన్నం మానేస్తే, సరిచేయాల్సింది మన నోరే. నేను మూడు రోజులు ఆలస్యంగా నేర్చుకున్నాను.