అహరోను కడుపులో వల

ఆకివీడు చుట్టుపక్కల చేపల చెరువుల మీద అహరోను గురించి ఒక మాట ప్రచారంలో ఉండేది. ఒకసారి అతను వల లాగితే వలతోపాటు చెరువు కూడా గట్టెక్కేసిందనీ, యజమాని మల్లేశ్వరరావు గారు కాళ్లావేళ్లా పడితే దాన్ని మళ్లీ గుంటలోకి తోశాడనీ. ఇందులో అబద్ధం కొంచెమే. మల్లేశ్వరరావు గారు ఎవరి కాళ్లూ పట్టుకునే మనిషి కాదు.

చెరువుల్లో వలలు లాగే ముఠాలో అహరోనుది మూల తాడు. చెరువులో పెరిగిన చేపలన్నీ పట్టే పట్టుబడి నాడు గుండెల్లోతు నీళ్లలో అందరికంటే ముందు నడుస్తూ, వల అడుగును బురదకు అదిమిపట్టి లాగే తాడది. అది పట్టినవాడు కేకేస్తేనే మిగతావాళ్లు అడుగు వేస్తారు. ముఠాకు ఒక కట్టుబాటుంది. మూల తాడు మనిషి ఒక్క పట్టుబడికి రాకపోయినా తాడు పక్కవాడిదైపోతుంది. తిరిగి అడగకూడదు. ఈ సంగతి అహరోనుకు అందరికంటే బాగా తెలుసు. ముసలి పేతురుకు జ్వరమొచ్చినప్పుడు ఆ తాడు ఇతని చేతికి అలాగే వచ్చింది. జ్వరం తగ్గి పేతురు గట్టు మీద నిలబడితే, అహరోను చూడనట్టే నీళ్లలోకి దిగిపోయాడు.

కొల్లేట్లో సర్కారువాళ్లు చేపల చెరువుల గట్లు పేల్చేసిన మరుసటి ఏడు, అంటే రెండువేల ఏడులో, చెరువులు తగ్గాయి గాని చేతులు తగ్గలేదు. సరిగ్గా అప్పుడే అహరోను గజ్జల్లో నిమ్మకాయంత ఉబ్బు లేచింది. తాడు పట్టడంలో అతని తర్వాతివాడైన అబ్బులు అది చూసి నవ్వాడు.

"బాబాయ్, లుంగీలో చేప దాచేసేవా ఏంటి?"

నవ్వుతూనే తాడు వైపు ఒక చూపు చూశాడు.

ఏలూరులో డాక్టరమ్మ ప్రసన్నకుమారి గారు అది హెర్నియా అన్నారు. ఆపరేషన్ చేసి, చిరిగిన చోట సన్నటి ప్లాస్టిక్ వల పరిచి కుట్టారు.

"చచ్చేదాకా లోపలే ఉంటుందాండీ? ఒళ్లు ఊరుకుంటుందాండీ?"

"ఊరుకోదు. తనది కానిదేదో లోపలికొచ్చిందని ఒంటికి తెలిసిపోతుంది. ముందు తెల్లకణాలొచ్చి మీద పడతాయి. మింగాలని చూస్తాయి. మింగుడు పడకపోతే కొన్ని కలిసి ఒకే పెద్ద కణమై మళ్లీ చూస్తాయి. అదీ చేతకాకపోతే వల కన్నుల్లోంచి కొత్త కండ అల్లి దాన్ని అక్కడే కట్టిపడేస్తుంది ఒళ్లు. ఆ అల్లికే మీకు బలం. అందాకా కాస్త వాపూ సలుపూ ఉంటాయి, ఓర్చుకోండి. జ్వరమొస్తే మాత్రం వెంటనే రండి. మూడు నెలలు బరువు ముట్టుకోకండి."

"అంటే నా కడుపులో పట్టుబడి జరుగుతోందన్నమాట!" అని అహరోను అరచెయ్యి చాపాడు. బొటనవేలి కింద బఠాణీ గింజంత గట్టి కాయ. "జెల్ల చేప ముల్లండీ. కుర్రతనంలో దిగి విరిగిపోయింది. నెల్లాళ్లు చెయ్యి బూరెలా పొంగింది. తర్వాత ఇదిగో, ఇలా కాపురం పెట్టేసింది."

"ఒళ్లు దాని చుట్టూ గోడ కట్టేసింది. అప్పుడు మందేం వాడారు?"

"మందెక్కడిదండీ? ఏడిచాను."

"ఇప్పుడూ అదే చెయ్యండి," అని నవ్వారావిడ.

ఇప్పుడు ఏడిచే తీరిక లేదు. మూడో వారంలోనే మల్లేశ్వరరావు గారి పెద్ద చెరువు పట్టుబడి అని కబురొచ్చింది. గజ్జల్లో ఇంకా సలుపుతూనే ఉంది. అహరోను ఊళ్లో సూదులు వేసే శ్రీనివాసరావుకు కబురంపాడు.

"ఏవండీ, డాక్టరమ్మ గారు ఓర్చుకోమన్నారు గదండీ," అంది భార్య పుష్పమ్మ.

"ఆవిడకేమే, ఆవిడ తాడు అబ్బులు పట్టుకుపోతాడా?"

"స్టెరాయిడ్ అండి ఇది," అన్నాడు శ్రీనివాసరావు సూది ఎక్కిస్తూ. "వాపుని చేత్తో తీసేసినట్టుంటుంది."

అన్నట్టే సాయంత్రానికి వాపు లేదు, సలుపు లేదు. మర్నాడు అహరోను గుండెల్లోతు నీళ్లలో నిలబడి కేకేస్తుంటే అబ్బులు మొహం మాడిపోయింది. ఆ పూట చేపల పులుసు అహరోనుకు అమృతంలా ఉంది. ఆ తర్వాత ప్రతి పట్టుబడికీ ముందు ఒక సూది.

కడుపులో మాత్రం ఆ సూదికి వాపుతోపాటు పనివాళ్లూ పడుకున్నారు. కండ అల్లిక ఆగిపోయింది. ఇంకా పచ్చిగానే ఉన్న కుట్టు చెరువు నీళ్లలో నానింది. ఆ సందులోంచి క్రిములు దిగి వల దారాలను పట్టుకున్నాయి. తరమడానికి లేచినవాళ్లు లేరు. ఒక ఆదివారం చర్చిలో ప్రార్థన మధ్యలో అహరోను చలితో వణికిపోయాడు. కుట్టు దగ్గర చీము.

సూదుల సంగతి విని ఈసారి డాక్టరమ్మ నవ్వలేదు.

"ఒంట్లో కాపలావాళ్లకే మత్తుమందు పెట్టారు గదండీ! ఇక ఇది మందులకు లొంగదు. వల తీసేయాలి. మళ్లీ వేయగలమో లేదో ఇప్పుడే చెప్పలేను. నీళ్లలో తాళ్లు లాగడం మాత్రం ఇక మర్చిపోండి."

తీసినదాన్ని పళ్లెంలో చూపించారు. చీము పట్టిన వల ముక్క. ఒక అంచున మాత్రం, వేలెడంత మేర, ఎర్రటి కండ కన్నుల్లోంచి శుభ్రంగా అల్లుకుని ఉంది. అహరోను దానివంక చాలాసేపు చూశాడు. అంత నీటుగా ముఠాలో ఎవరూ అల్లలేరు.

కుట్లు మానాక ఒకరోజు గట్టు మీదకు వెళ్లాడు. మూల తాడు అబ్బులు భుజం మీద ఉంది.

"అబ్బులూ!" అని పిలిచాడు.

అబ్బులు వినపడనట్టే నీళ్లలోకి దిగిపోయాడు.

గట్టు మీద టార్పాలిన్ నీడలో చిరిగిన వలలకు ముడులు వేస్తున్న ముసలి పేతురు కాస్త పక్కకు జరిగాడు.

"కూర్చోరా. చోటుంది." తల ఎత్తకుండానే అన్నాడు, "నాకు జ్వరం రెండ్రోజులే వచ్చిందిరా అహరోనూ."

అహరోను కూర్చున్నాడు. వల చెంగు ఒళ్లోకి లాక్కుని ముడి బిగిస్తుంటే దారం అరచేతిలో జెల్ల ముల్లు కాయకు తగిలి జారింది. మళ్లీ బిగించాడు.

చెరువు గట్టెక్కిన కథ ఆకివీడులో ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. లాగింది అబ్బులట.