కాబోయే బావగారికి నీటిరంగుల కార్డు

కాబోయే బావగారి పుట్టినరోజుకి మా అక్క స్వయంగా కార్డు తయారుచేసింది. దాని వెనకవైపంతా నీటిరంగులతో హంసలదీవి సముద్రం. చేపలవేట మీద బతికే ఇంట్లో పుట్టి, ఆ బురదనీళ్ళకు అంత నీలం పూయాలంటే ప్రేమే ఉండాలి. కొరియర్ చేసింది మొదలు, బొమ్మను ఆయన మెచ్చుకుంటాడని ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

గుడివాడ నుంచి ఆయన ఫోన్ చేశాడు.

“కార్డు అందిందండీ. మరి ఎండుచేపలేవీ అని మా అమ్మ అడుగుతోంది. కవరంతా అదే వాసన!”

పంపేముందు అక్క కార్డును డాబా మీద ఎండుతున్న మెత్తళ్ళ చేపల పక్కనే ఆరబెట్టింది. మా ముక్కులకు ఆ వాసన ఎప్పుడో అలవాటైపోయింది.

“బొమ్మ ఎలా ఉందండీ?” అంది అక్క.

“ఏ బొమ్మండీ?”

అక్క ఫోను పెట్టేసి ఏడ్చింది.

“ఊరుకోవే. కళ్ళు లేకపోతేనేం, ముక్కు బాగానే పనిచేస్తోందిగా!” అన్నాను.

అమ్మ అప్పటికే మెత్తళ్ళు మూటకడుతోంది.