మిస్డ్‌కాల్ ఎత్తని గల్లీ

మా నకిరేకల్ వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోవడం రోజూ ఉండే తద్దినమే. సకల జనుల సమ్మెతో బొగ్గు గనులు ఆగాక కోతలు ఇంకా పెరిగాయి. కోతతో నాకు పేచీ లేదు, ఉద్యమం కోసం ఆ మాత్రం ఓర్చుకోలేమా? అసలు తంటా కరెంటు తిరిగొచ్చిన నిమిషంలో వస్తుంది. వచ్చీ రాగానే ఇంటింటా మోటార్లు వేస్తారు, ఫట్‌మని ఫ్యూజు ఎగురుతుంది, మళ్లీ చీకటి. బడిలో పిల్లలకు సైన్సు చెప్పేదాన్ని కదా అని, మోటార్లన్నీ ఒకేసారి వేయొద్దని వీధివాళ్లకూ చెప్పబోయాను. "ముందుగాల నువ్వు బంద్ చెయ్ టీచరమ్మా" అన్నారు. ఆ ఉడుకుమీదే ఉండగా, కొత్తపేటలో ఉండే మా లక్ష్మి చిన్నమ్మ ఫోన్ చేసింది. "మా గల్లీల ఫ్యూజు పోక శానా దినాలైంది బిడ్డా. నమ్మకుంటే ఒచ్చి సూడు" అంది. చిన్నమ్మ గొప్పలకు పోయే మనిషి కాదు. చూసి వద్దామని శనివారం పొద్దున బయలుదేరాను.

సమ్మెలో ఆర్టీసీ బస్సులు లేవు. నకిరేకల్ చౌరస్తాలో ఏడింటికి జీపు దొరికింది. ఎల్‌బీ నగర్ దాకా నూట యాభై అన్నాడు, మామూలు రోజుల్లో బస్సుకు అందులో సగం కూడా కాదు. "డీజిల్ దొరకవట్టెనా అక్కా? ఎక్కుతే ఎక్కు" అని డ్రైవర్ నా బేరం మొదట్లోనే తుంచేశాడు. చౌటుప్పల్ దగ్గర హైవే మీద ఉద్యమంవాళ్ల వంటావార్పు, బండ్లన్నీ ఆపేశారు. రోడ్డు మధ్యన రాళ్ల పొయ్యిలు, వాటి మీద బగారన్నం గుండిగెలు. ఎంతసేపట్లో వదులుతారని గరిటె తిప్పుతున్న పెద్దమనిషిని అడిగాను. "తిన్నోళ్లకే తొవ్వ ఇస్తం. ఆకు పట్టుకో" అన్నాడు. పచ్చిపులుసుతో రెండుసార్లు పెట్టించుకున్నాను. ఆకలి వేసి కాదు, దారి కోసమేనని డ్రైవర్‌కు చెప్పాను. ఆయన నమ్మలేదు.

ఎల్‌బీ నగర్‌లో దిగేసరికి పన్నెండు దాటింది. అక్కడి నుంచి దిల్‌సుఖ్‌నగర్ వైపు వెళ్లే షేర్ ఆటోలు వరసగా ఉంటాయి, కొత్తపేటకు పది రూపాయలు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ వైపు నుంచి బత్తాయిల వాసన వస్తుంటే దిగిపోవాలి. రైతుబజార్ పక్క సందులోంచి నడిస్తే ఐదు నిమిషాల్లో చిన్నమ్మ వాళ్ల గల్లీ. ఒక చివర చిన్న చర్చి, ఇంకో చివర నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్, మధ్యలో మా నల్లగొండ జిల్లా నుంచి వచ్చినవాళ్ల రేకుల ఇళ్లూ డాబాలూ ఉంటాయి.

చిన్నమ్మ ఇంట్లో ముందు వినిపించేది మిషన్ చప్పుడు. మార్కెట్లో లారీ నడిపిన చిన్నాయన బీడీలతో ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే ఆ మిషన్‌కు కరెంటు ఉండాలి, అది ఆగితే ఆయనకు ఆయాసం మొదలవుతుంది. ఈ గల్లీ ఏర్పాటంతా మొదలైంది ఆయన కోసమే. చర్చి మీద ఎవరో భక్తుడు పెట్టించిన సోలార్ పలకలున్నాయి, కింద బ్యాటరీలున్నాయి. ఆదివారం ప్రార్థనకు తప్ప అవి ఊరికే ఉండేవి. చర్చి చూసుకునే మరియమ్మ ఒక వైరు గోడ మీంచి చిన్నమ్మ ఇంటికి లాగించింది. కోత వేళ మిషన్ దాని మీదే నడుస్తుంది.

మోటార్ల సంగతి కూడా మరియమ్మదే. కరెంటు రాగానే ఎవరూ మోటార్ ముట్టకూడదు. ఆమె మొదటి ఇంటికి మిస్డ్‌కాల్ ఇస్తుంది. వాళ్లు నీళ్లు పట్టుకుని, మోటార్ ఆపి, ఆమెకు తిరిగి మిస్డ్‌కాల్ ఇస్తారు. అప్పుడు రెండో ఇంటికి. అపార్ట్‌మెంట్ మోటార్ అన్నిటికంటే పెద్దది కనుక దాని వంతు చివర. ఫోన్ మాత్రం ఎవరూ ఎత్తకూడదు, ఎత్తితే పైసలు పోతాయి.

మూడింటికి ఒక పెద్దసారు వచ్చారు. కరెంటు విషయంలో రాష్ట్ర ప్రభుత్వాలకు సలహాలిచ్చే ఇంజనీరు. అపార్ట్‌మెంట్ పెద్ద సుబ్బారావుగారు పిలిపించారు. తెనాలి నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ ఆయనకూ చిన్నాయనకూ తెలంగాణ మీద రోజూ వాదనే. "కోపాలు కోపాలేనండీ, కరెంటు కరెంటే. ఇది నలుగురికీ తెలియాలి" అన్నారు నాతో.

పెద్దసారు చర్చి బ్యాటరీలు చూసి, డాబాలన్నీ ఎక్కి దిగి, చాయ్ తాగుతూ చెప్పారు. "చిన్న చిన్న చోట్ల పుట్టే కరెంటును, వేళ చూసి ఆపిన వాడకాన్ని కలిపితే ఒక పవర్ ప్లాంటే అవుతుందమ్మా. చిమ్నీ ఉండదు, కంటికి కనిపించదు. కొన్ని దేశాల్లో కంప్యూటర్లతో నడుపుతారు."

"మాకు కంప్యూటర్ లేదు సారూ, మరియమ్మ ఉంది" అంది చిన్నమ్మ. నాకు ఒళ్లు పొంగింది. తెలంగాణ వస్తే చీకట్లో కూర్చోవాల్సిందేనని మమ్మల్ని ఎన్నిసార్లు దెప్పారో! అలా దెప్పినవాళ్లను వరసగా ఆ గల్లీలో నిలబెట్టాలనిపించింది.

కానీ ఆ రోజు మబ్బు. పలకలకు ఎండ తగల్లేదు, కోత చెప్పినదానికంటే రెండు గంటలు ఎక్కువ సాగింది. సాయంత్రానికి చర్చి బ్యాటరీ అడుగంటింది. విడి సిలిండర్ తెద్దామంటే దుకాణాలు మూత. అంతలో కరెంటు వచ్చింది. హమ్మయ్య అనుకుని మిషన్‌ను ఇంటి కరెంటుకు మార్చామో లేదో, మూడు రోజులుగా రాని నల్లా కూడా అప్పుడే బుసబుసమంటూ వచ్చింది. ఇళ్లన్నిట్లో డ్రమ్ములు ఖాళీ. అందరి చేతులూ స్విచ్చుల మీదే ఉంటాయి. ఇప్పుడు ఫ్యూజు పోతే చిన్నాయనకు దిక్కులేదు.

మొదటి వంతు చిన్నమ్మదే. బల్ల మీద ఆమె ఫోన్ మోగింది. పక్కనే కూర్చున్న పెద్దసారు చటుక్కున ఎత్తి, "హలో, ఎవరండీ?" అన్నారు.

"అయ్యో సారూ!" అని చిన్నమ్మ, నేను ఒక్కసారే అరిచాం. చర్చి డాబా మీంచి మరియమ్మ గొంతు. "ఎవరెత్తిన్రు? నా బ్యాలెన్స్ మొత్తం పాయె! ఇగ కాల్ పోతలేదు!" మిస్డ్‌కాల్‌కు ఖర్చుండదు కదా అని ఆమె ఎప్పుడూ అడుగూ బొడుగూ బ్యాలెన్స్‌తోనే నడిపేది. పెద్దసారు ఫోన్‌ను నిప్పులా బల్ల మీద పెట్టి, "నా ఫోన్ తీసుకోండి, నంబర్లు చెప్పండి" అన్నారు. నంబర్లేమో మరియమ్మ ఫోన్లో, మరియమ్మేమో డాబా మీద. పిలుపు రాకపోతే ఎవరి ఓపిక మాత్రం ఎంతసేపు?

చిన్నమ్మ ఆలోచించలేదు. చకచకా రెండు బిందెలు పట్టుకుని మోటార్ ఆపేసింది. ఉద్యమం ఊరేగింపులకు తీసుకెళ్లే సొట్టల స్టీలు కంచం, గరిటె పట్టుకుని గడపలోకి వచ్చి ఠంగుఠంగున కొట్టింది. "నాదైంది! పక్కింటోళ్లు ఎయ్యుండ్రి!"

వంతుల వరస అందరికీ నోటికి వచ్చు. పక్కింటి మోటార్ మొదలైంది. కాసేపటికి ఆగింది, అక్కడా కంచం మోగింది. తర్వాత దాని పక్కది. అలా చప్పుడు ఒక్కో గడపా దాటుకుంటూ దూరం పోతుంటే, మేం మిషన్ మీద ఉన్న ఆకుపచ్చ లైటును చూస్తూ కూర్చున్నాం. అది రెండుసార్లు మసకబారింది. చిన్నమ్మ చిన్నాయన అరికాలు పట్టుకుని వదల్లేదు. లైటు ఆరలేదు.

అపార్ట్‌మెంట్ వంతు వచ్చేసరికి నల్లా సన్నబడిందట. సగం సంపుతోనే సరిపెట్టుకున్నారు. చివరి ఇల్లు కదా, వాళ్ల తర్వాత పిలవాల్సినవాళ్లు ఎవరూ లేరు. అయినా గల్లీ ఆ చివర నుంచి కంచం మోగింది. బయటికెళ్లి చూస్తే, ఏ ఊరేగింపుకూ రాని సుబ్బారావుగారు గేటు ముందు నిలబడి కొడుతున్నారు.

"మీ తర్వాత ఎవరూ లేరు కదండీ?" అని అడిగాను.

"అన్నయ్యగారికి తెలియద్దూ, అందరిదీ అయిపోయిందని! ఇక భయపడక్కర్లేదని చెప్పండమ్మా" అన్నారు.

చెప్పాను. చిన్నాయన ముక్కు గొట్టం సర్దుకుని, "సుబ్బారావు తోని కంచం కొట్టిపిచ్చిన. తెలంగాణ ఒచ్చినట్టే ఇగ" అని నవ్వాడు. దగ్గు వచ్చింది, అయినా నవ్వు ఆపలేదు.

పెద్దసారు వెళ్లేముందు మరియమ్మ ఫోన్ రీచార్జి తన బాధ్యత అన్నారు. ఇక్కడ చూసింది రాసి పైకి పంపుతానన్నారు. పంపితే సంతోషం. ప్రభుత్వాలు పెద్ద ఎత్తున చేస్తే ఇంకా సంతోషం, మబ్బు పట్టిన రోజుకు ఒక్క చర్చి బ్యాటరీ చాలదని కళ్లారా చూశాం. మర్నాడు తిరుగు జీపులో మా వీధి ఇళ్లను వేళ్ల మీద వరస పెట్టుకుంటూ వచ్చాను, మొదటి వంతు ఎవరిది, చివరిది ఎవరిదని. "ముందుగాల నువ్వు బంద్ చెయ్" అన్నారుగా. చేస్తాను. చివరి వంతు నాదే పెట్టుకున్నాను. దాచుకోవడం ఎందుకు, నా మనుషులను చూసి నాకు ఇంత గర్వం ఎప్పుడూ కలగలేదు.

మీరూ వెళ్లి చూడాలనుకుంటే సాయంత్రం కరెంటు వచ్చే వేళకు ముందే చేరుకోండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: ఆ గల్లీలో ఎవరి ఫోన్ మోగినా, దండం పెడతాను, ఎత్తకండి.