రాజుగారి గేటు దాకా రోడ్డు

మనిషి కంటే ముందు కేక వచ్చేది. "గోదావరి చేపలో..." అని మొదలై మధ్యలో తెగిపోయేది. కాసేపాగి మళ్లీ అందుకునేది. తల మీద తట్టతో గోతిని దాటేటప్పుడు లోవమ్మ ఊపిరి బిగపట్టేది. కేక ఎన్నిసార్లు తెగిందో వింటే చాలు, కొవ్వూరులో ఆ వీధికి గోతులెన్నో తెలిసిపోయేది.

ఇరవై ఏళ్లుగా రేవులోంచి ఆ వీధిలోకి ఎక్కి వస్తోంది లోవమ్మ. కిందటి వానాకాలం రేవు బురదలోకి రిక్షా రానంటే, నొప్పులు పడుతున్న కోడల్ని కుర్చీలో కూర్చోబెట్టి, వీధి చివర రిక్షా ఆగిన గోపాలకృష్ణంరాజు గారి గేటు దాకా మోయించింది.

తొంభై ఎనిమిదిలో జన్మభూమి కింద సిమెంటు రోడ్డన్నారు. వీధి తన వాటా కడితే మిగతాది ప్రభుత్వం ఇస్తుంది. వసూళ్లు, రసీదులు ఫణీంద్ర మాస్టారివి. రేవులో పది ఇళ్ల డబ్బు కొంగుముడి విప్పి లోవమ్మ ఆయన బల్ల మీద పెట్టింది.

పక్కనే కూర్చున్న రాజుగారు నవ్వారు. "ఏంటి లోవమ్మా, కాంట్రాక్టు నువ్వు తీసుకున్నావా?"

"తమరు బేరమాడకుండా చేప కొన్న రోజున తీసుకుంటానండి. రోడ్డు మా రేవు దాకా రావాలండి."

"ఎస్టిమేటు మా గేటు దాకానే. నీ వాటా తీసుకుంటే అదంతా మళ్లీ రాయాలి. ఈ ఏడాదికి పని ఆగిపోద్ది."

ఆ మాట తప్పని మాస్టారికి అనిపించలేదు. ఒప్పనీ అనిపించలేదు. కలానికి మూత పెట్టేశారు. లోవమ్మ డబ్బు మళ్లీ ముడేసుకుంది.

రోడ్డు పడింది, ఎండలో ఆరేసిన తెల్లపంచెలా. ఆ తర్వాత ఒక రాత్రి వాన కురిసి వెలిసింది. పొద్దున్నే కేక వినిపించింది. ఎక్కడా తెగలేదు. ఏటి గాలిలా తిన్నగా మాస్టారి గుమ్మం దాకా వచ్చింది. ఆయన సంతోషంగా బయటికొచ్చి ఆగిపోయారు. తెల్లటి రోడ్డు మీద, రాజుగారి గేటు నుంచి తన గుమ్మం దాకా బురద పాదాలు. గేటుకు అవతల, రేవు వైపు, పాదాల గుర్తులు కూడా నిలవనంత బురద.

ఆయన లోపలికెళ్లి రసీదు పుస్తకం తెచ్చారు.

"డబ్బు ఇలా ఇవ్వమ్మా. పదకొండింటికి ఇంజనీరు గారు వేసిన రోడ్డు కొలతలకి వస్తున్నారు. రేవు దాకా కొత్త ఎస్టిమేటు అడుగుతాను."

"మరి రాజుగారో?"

"ఆయనతో నేను మాట్లాడతాను."

లోవమ్మ తట్ట దించింది. అప్పుడే రాజుగారి పనివాడు బకెట్టు, చీపురు పట్టుకుని గేటు బయటికొచ్చాడు. ముడి విప్పుతూనే అటు చూసిందామె.

"రాసుకోండి మాస్టారూ. ఆ కడిగేవాణ్ణి మటుకు ఆగమనండి. ఇంజనీరు గారు వచ్చేదాకా నా అడుగులు ఉండనివ్వండి."