ఎక్కడికని అడక్కండి

మా మామయ్య నాకంటే నాలుగేళ్ళే పెద్ద. అయినా అమ్మకి తమ్ముడు కాబట్టి మామయ్యే. అతను పెద్దయ్యాక అమ్మమ్మ తోడు లేకుండా బెజవాడ దాటిన సందర్భం మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. పెళ్ళిచూపుల్లో ఆ అమ్మాయి సరిగ్గా అక్కడే పట్టుకుంది.

"ఇంట్లోవాళ్ళు లేకుండా మీరు ఏ ఊరైనా వెళ్ళారా అండీ?"

"కొండపల్లి వెళ్ళాను," అన్నాడు మామయ్య. ఛాతీ కాస్త ముందుకొచ్చింది.

"ఎవరితో?"

"స్కూల్ వాళ్ళతో."

బొమ్మ కొనివ్వలేదని ఏడ్చాడు కూడా అని నేను చెప్పబోతుంటే అమ్మమ్మ నా కాలు తొక్కింది.

అమ్మాయిది నాగాయలంక వైపు. వాళ్ళ నాన్నకి వేట పడవ ఉంది. తను రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేస్తుంది. సెలవు దొరికితే బ్యాగు తగిలించుకుని ఒక్కతే గోకర్ణ, పుదుచ్చేరి చుట్టొస్తుంది. చివరికి తనే తేల్చింది: "మీరు నాకు నచ్చారండీ. కానీ మీ అమ్మగారు పక్కన లేకపోతే ఎలా ఉంటారో చూడాలి. బందరు నించి సముద్రం పక్కగా బస్సుల్లో రండి. కారొద్దు, చుట్టాల ఇళ్ళొద్దు, డార్మిటరీల్లో పడుకోండి. ఆదివారం పొద్దున హంసలదీవి బీచిలో ఉంటాను. వస్తే మిగతాది మాట్లాడుకుందాం. తోడు కావాలంటే ఈయన్ని తెచ్చుకోండి."

ఈయన అంటే నేను. నన్నెవరూ అడగలేదు.

హాస్టల్లో ఉంటాం అనగానే అమ్మమ్మ "మళ్ళీ చదువా?" అంది. మామయ్య హిమాలయాలకి సరిపడే బ్యాగు కొన్నాడు. దానికి ఈల కూడా ఉంది, దారి తప్పితే ఊదడానికి. అమ్మమ్మ అందులో స్టీలు క్యారేజీ, గోంగూర పచ్చడి, కందిపొడి, దుప్పటి పెట్టింది. మిగిలిన చోట్లో మామయ్య తన బట్టలు పెట్టుకున్నాడు. అంటే ఒక చొక్కా.

ఇక్కడ మా ఇంటి చట్టం ఒకటి చెప్పాలి. గుమ్మం దాటుతున్న మనిషిని "ఎక్కడికి?" అని అడక్కూడదు. అడిగారా, వెళ్ళిన పని చెడుతుంది. వెనక్కొచ్చి, కూర్చుని, కాసిని మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. మర్యాద తెలిసినవాళ్ళు "దూరమా?" అంటారు. చాలా ఇళ్ళల్లో ఇది ఉంది. మా మామయ్యకి మాత్రం ఇది రాజ్యాంగం.

అలాంటి మనిషిని తీసుకెళ్ళి హాస్టల్లో పెట్టాం. హాస్టళ్ళు నడిచేదే ఆ ప్రశ్న మీద.

బందరులో దిగిన హాస్టలు ఒకప్పుడు కల్యాణమండపం. భోజనాల హాల్లో మంచం మీద మంచం వేశారు. బయటికెళ్ళే దారిలో గోడంతా అలలు, పడవలు, వాటి మధ్య మనిషెత్తు అక్షరాలతో "ఎక్కడికి?" అని పెయింట్ చేసి పెట్టారు. మామయ్య దాని ముందు ఆగిపోయాడు.

"ఒరేయ్, గోడ అడిగితే కూర్చోవాలా?"

"గోడకి నోరు లేదు మామయ్యా."

నా మాట మీద నమ్మకం లేక అమ్మమ్మకి ఫోన్ చేశాడు. అమ్మమ్మ ఆలోచించి తీర్పు చెప్పింది. "చదివావా?"

"చదివానే."

"అయితే కూర్చో."

కూర్చున్నాడు. నీళ్ళు తాగాడు. లేచి మళ్ళీ బయల్దేరితే మళ్ళీ గోడ. చివరికి కళ్ళు మూసుకుంటే నేను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. రిసెప్షన్‌లో ఉన్నావిడ "అయ్యో, కంటి ఆపరేషనా అండీ?" అని జాలిపడింది.

అమ్మాయి కోసం బందరు లడ్డూలు కొని బ్యాగులో అన్నిటికంటే పైన పెట్టాడు, నలక్కుండా. సముద్రం పక్కగా అన్నమాటే గానీ బస్సు చల్లపల్లి మీదుగా పొలాల మధ్యే పోతుంది. కిటికీలోంచి వరి చూస్తూ మామయ్య "గాలిలో ఉప్పు తెలుస్తోందిరా" అన్నాడు. పక్క సీటాయన ఎండుచేపల సంచి కాళ్ళ కిందకి లాక్కున్నాడు.

రెండో మకాం అవనిగడ్డ. ఆదివారం పొద్దున్నే బస్సు. మామయ్య తల దువ్వుకుని, చొక్కా తిరగేసి వేసుకుని, మళ్ళీ సరిగ్గా వేసుకుని, కుడికాలు ముందు పెట్టాడు. పై మంచం మీద పుణె నించి సైకిలేసుకొచ్చినతను లేచి ప్రేమగా "కిధర్ భాయ్?" అన్నాడు.

మళ్ళీ ఫోన్. "అమ్మా, హిందీలో అడిగితే?"

"నీకు అర్థమైందా?"

అర్థమైంది. కూర్చున్నాడు.

ఇలా కాదని నేను ముందు నడుస్తూ కనపడిన ప్రతివాళ్ళకీ చెప్పాను: "మా మామయ్య వస్తున్నాడండీ, దయచేసి ఏమీ అడక్కండి."

"ఎందుకండీ? ఎక్కడికెళ్తున్నాడు?" అన్నారు అందరూ, ఒకే గొంతుతో, మామయ్యకి వినపడేలా.

కుర్చీ దూరంగా ఉంది. మామయ్య బ్యాగు దించి దాని మీదే కూలబడ్డాడు. లోపల ఏదో మెత్తగా అణిగింది. బయట బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది.

ఆటో పట్టుకుని హంసలదీవి చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. బీచిలో పీతలున్నాయి. అమ్మాయి లేదు. ఫోన్ చేస్తే సిగ్నల్ లేదు.

"అయిపోయిందిరా అల్లుడూ," అన్నాడు మామయ్య. "చూసి చూసి వెళ్ళిపోయుంటుంది. నాకా అమ్మాయి నచ్చిందిరా. నిజంగా."

"ఈల ఊదు," అన్నాను.

ఊదాడు. పీతలు లోపలికి దూరాయి. అంతలో ఇసక దారిలో స్కూటీ మీద ఆ అమ్మాయి వచ్చింది. హెల్మెట్ తీసి, "చాలాసేపైందా అండీ మీరొచ్చి?" అంది, తప్పుచేసినదానిలా.

మామయ్యకి అబద్ధం చేతకాదు. గోడ, సైకిలతను, ఆటో, అన్నీ చెప్పేశాడు. నేను దూరంగా చూస్తూ నిలబడ్డాను, పెళ్ళి రద్దయినట్టే అని. ఆ అమ్మాయి నవ్వలేదు.

"గేటు దాటుతుంటే పక్కింటి పిన్ని అడిగిందండీ," అంది మెల్లగా. "బండి స్టాండేసి, లోపలికెళ్ళి కూర్చుని వచ్చాను. రోడ్డెక్కగానే ఇంకో ఆయన. మళ్ళీ వెనక్కి. మా నాన్నయితే ఎవరైనా అలా అడిగితే ఆ పూట పడవే తియ్యడు."

గోకర్ణ ఒక్కతే తిరిగొచ్చిన మనిషి.

మామయ్య లడ్డూల డబ్బా తీశాడు. అందులో లడ్డూలు లేవు, ఒక లడ్డూ ఉంది, డబ్బా ఆకారంలో. ఆ అమ్మాయి దాన్ని వేళ్ళతో తుంచుకుని తింటోంది. మామయ్య ఆమెనే చూస్తున్నాడు. ఎండలో నిలబడి నిలబడి నాకు విసుగొచ్చింది.

"సరే, ఇప్పుడు ఎక్కడికి?" అన్నాను.

ఇద్దరూ నావైపు ఒకేలా చూశారు. ఒకేసారి ఇసకలో కూర్చున్నారు. మామయ్య సీసా మూత తీసి నోటికి కరుచుకుని తాగాడు. తాగేశాక, ఇంకో సీసా లేదని గుర్తొచ్చి, బిక్కమొహం వేశాడు. ఆ అమ్మాయి సీసా అందుకుంది. ఎత్తి పోసుకోలేదు. మూతి తుడవలేదు. తనూ కరుచుకునే తాగింది.

నేను సిగ్నల్ వెతుక్కుంటూ గట్టు దాకా వెళ్ళి అమ్మమ్మకి ఫోన్ చేశాను. "అమ్మమ్మా, ఆ అమ్మాయి మామయ్య ఎంగిలి నీళ్ళు తాగింది."

అవతల ముక్కు చీదిన చప్పుడు. అమ్మమ్మ ఏడుస్తోందేమో అనుకున్నాను.

"కూర్చుని తాగిందా, నిలబడా?" అంది.